ట్రిగ్గర్ మీద కిలో బరువు

భిక్నూర్ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే పక్కన పిల్లగాడు ఫోన్‌ల ఇషా సింగ్ షూటింగ్ చూస్తున్నడు.
"అన్నా, ట్రిగ్గర్ ముట్టుకుంటేనే పేలుతదా?"

లేదు తమ్మీ.
ఆమె ఆడే 25 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు మోయాలె. బరువు వేలాడదీసి మరీ పరీక్షిస్తరు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాములే.
కంపెనీ నుంచి వచ్చే మామూలు గ్లాక్ పిస్టల్‌కు దాదాపు రెండున్నర కిలోలు. నడుముకు పెట్టుకుని తిరిగేది, పొరపాటున పేలొద్దు కదా!

నాకైతే బరువు కన్న లాగుడే ముఖ్యం.
ముందున్న వదులు అయిపోయి, వేలు ఆగి, గరుకు లేకుండా ఒక్కసారే తెగాలె. గరగరమంటే గురి పక్కకు పోతది.

2023ల హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్లకు మన హైదరాబాద్ బిడ్డ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ వేలి ఓపికకు దండం.

కామారెడ్డి దిక్కు పిస్టల్ షూటింగ్ నేర్చినోళ్లు ఎవరన్న ఉన్నరా? మీ చేతికి ఏ ట్రిగ్గర్ నచ్చింది?