గుండ్ల సందున కుందేటికొమ్ములు

భారతదేశపు మట్టిలో తనంతట తాను పుట్టిన కాక్టస్ ఒక్కటి కూడా లేదు. ఆ కుటుంబం యావత్తూ అమెరికా ఖండాలది. సముద్రాలు దాటి బయటపడింది ఒకే ఒక్క జాతి, చెట్లను పట్టుకుని వేలాడే రిప్సాలిస్. అది ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో పెరుగుతూ ఇటువైపు శ్రీలంక దాకా వచ్చి ఆగింది. అయినా లేపాక్షి చుట్టుపక్కల ఏ గుట్ట ఎక్కినా పలకలు తీరిన పచ్చని కాడలు, ముళ్ల కొమ్మలు, ఆకుల్లేని తీగలు కాలికి తగులుతూనే ఉంటాయి. చూసినవాళ్లు వాటన్నిటినీ కాక్టస్ అనేస్తారు. అవి జెముళ్లు, నల్లేర్లు, కుందేటికొమ్ములు. వేరే కుటుంబాల్లో పుట్టి, ఇక్కడి ఎండకు తట్టుకోవడానికి కాక్టస్ లాంటి ఒళ్లు తెచ్చుకున్న మొక్కలు. ఎడారి మొక్కలు పెంచాలని సరదాపడేవారు నర్సరీలో మెక్సికో ముళ్లబంతిని కొనేముందు వీటితో పరిచయం చేసుకోవడం మేలు. ఇవి ఈ ఎండకు పుట్టిన పిల్లలు, చేతికి తొందరగా వస్తాయి.

లేపాక్షి ఎడారి కాదు. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటుగా వాన పడుతుంది. కానీ ఆ వాన పడేది రాతి మీద. వీరభద్రాలయం నిలిచిన కూర్మశైలం తాబేలు వీపులాంటి ఒంటి బండ. ఊరి మొదట్లో 27 అడుగుల పొడవున కూర్చున్న నంది కూడా ఒకే గుండు నుంచి వచ్చింది. ఇలాంటి రాతి మీద పడిన నీరు గంటలో జారిపోతుంది. పగుల్లో నిలిచిన పిడికెడు మట్టి మాత్రం తడుస్తుంది, రెండు రోజుల్లో అదీ ఆరిపోతుంది. ఆ పగుల్లో వేరు దించిన మొక్కకు అక్కడ ఉన్నది ఎడారే.

గుర్తుపట్టడం ముల్లుతో మొదలవుతుంది. నిజమైన కాక్టస్ కాడను భూతద్దం కింద పెడితే ముళ్లు పుట్టేచోట బొచ్చుతో మెత్తగా ఉన్న చిన్న దిండులాంటి మచ్చ కనిపిస్తుంది. ముళ్లు, పూలు, కొత్త పిలకలు అన్నీ ఆ దిండులోంచే వస్తాయి. మరే కుటుంబానికీ ఈ దిండు లేదు. బొమ్మజెముడులో ముళ్లు జంటలు జంటలుగా, కాడ అంచు మీద నేరుగా మొలుస్తాయి. అనుమానం తీరకపోతే కాడను గోటితో గిల్లితే చాలు: జెముడైతే తెల్లని పాలు బొట్టుకట్టి కారతాయి, నాగజెముడైతే నీటి జిగురు వస్తుంది. ఈ పరీక్ష చేసినవారు చేతులు కడుక్కోకుండా కళ్లు తాకకూడదు. జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

జెముళ్లలో పెద్దది బొమ్మజెముడు. మూడు పలకల కాడ కణుపు కణుపుకీ నొక్కుకుపోయినట్టుండి, గుట్టవాలున మనిషి ఎత్తు దాటి పొదగా నిలబడుతుంది. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లోనే దీనికి యుఫోర్బియా ఆంటికోరం అని పేరు పెట్టాడు. ఆకుజెముడుకు వానాకాలంలో కొమ్మ చివర దళసరి ఆకులు వచ్చి, ఎండాకాలంలో రాలిపోతాయి. పెన్సిలంత లావు కాడలతో చీపురులా పెరిగే కాడజెముడు చేలగట్ల మీద కంచెగా పాతుకుపోయింది కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా. దీన్ని చూసి సోమలత అనుకునేవారూ, సోమలతను చూసి ఇదే అనుకునేవారూ ఉన్నారు. రెంటికీ పాలుంటాయి, రెంటికీ ఆకులు లేనట్టే ఉంటుంది. తేడా నడకలో ఉంది: కాడజెముడు నిలబడుతుంది, సోమలత పొదల మీద పాకి, మెలికపడి, తెల్లని పూలగుత్తులు పెడుతుంది. పొలిమేర దాటితే కన్నడ నేల, అక్కడ ఈ జెముళ్లన్నిటికీ కలిపి కళ్లి అనే మాట.

నల్లేరు ద్రాక్ష కుటుంబం. నాలుగు పలకల కాడ, కణుపు దగ్గర సన్నబడి గొలుసులా ఉంటుంది. ఆకుకు ఎదురుగా నులితీగ వేసి బొమ్మజెముడు నెత్తికి కూడా ఎక్కుతుంది. బండిచక్రం కింద ఇట్టే నలిగిపోయే ఈ మెత్తని కాడ వల్లనే తేలికైన పనిని నల్లేరు మీద నడక అంటారు. లేత కణుపులతో పచ్చడి చేసుకుంటారు. చింతపండు వేయకపోతే, బాగా మగ్గకపోతే నోరు, గొంతు దురద పెడతాయి. కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ పలుకులు ఉండటమే కారణం.

ఇక అసలు సంగతి కుందేటికొమ్ములు. ముల్లు లేదు, పాలు లేవు, ఆకు ఉందో లేదో తెలియదు. తుప్పల నీడన, గుండ్ల సందున వేళ్లలా పైకి లేచిన నాలుగు పలకల కాడలు. ఇది జిల్లేడుకు దాయాది. కాయ చూస్తే ఆ సంగతి తేలిపోతుంది: రెండు సన్నని కొమ్ములు జంటగా లేచి, ఎండి పగిలి, పట్టుకుచ్చు తొడిగిన గింజల్ని గాలికి వదులుతాయి. ఇందులో ఒక రకం కాడ పైకి పోనుపోను మొన తేలి, ఆ సన్నని కొసన ఒక్కొక్క పువ్వునూ వేలాడదీస్తుంది. ఇంకొకటి మొద్దుగా, లావుగా పెరిగి కొమ్మ చివర ముదురు ఊదా పూలను బంతిలా గుచ్చుతుంది. ఆ బంతి దగ్గరికి ముఖం తీసుకెళితే కుళ్లిన మాంసం వాసన కొడుతుంది. వంగి చూస్తే రేకు మీద ఈగ తిరుగుతూ ఉంటుంది. ఆ వాసన దాని కోసమే. మాంసమని నమ్మి వచ్చిన ఈగ ఒంటికి పుప్పొడి ముద్ద తగిలించుకుని ఇంకో పువ్వు మీద వాలుతుంది.

ఈ మొక్కకు శాస్త్రం పెట్టిన పేరు కరల్లుమా. ఆ పేరులో తెలుగు మాట దాగుంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించి, తెలుగువాళ్లు దీన్ని ‘కార్-అల్లం’ అంటారని రాసుకున్నాడు. 1810లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ కొత్త ప్రజాతిని కట్టేటప్పుడు ఆ పలుకునే లాటిన్ చేశాడు. అరబ్బీ మూలం చెప్పేవారూ ఉన్నారు కానీ రాక్స్‌బర్గ్ రాసిపెట్టిన మాట ముందు ఆ వాదం నిలవదు. ఈ రోజు అరేబియాలోనూ ఆఫ్రికాలోనూ దొరికే దీని చుట్టాలెన్నో తెలుగు గొర్రెలకాపరి నోటి మాటనే ఇంటిపేరుగా పెట్టుకుని తిరుగుతున్నాయి. గొర్రెలకాపరులు లేత కాడల్ని పచ్చివే నమిలేవారు, ఆకలి, దప్పిక ఆగుతాయని. ఆ అనుభవాన్ని పట్టుకునే ఇప్పుడు ఒళ్లు తగ్గించే మాత్రలు అమ్ముతున్నారు. మాత్రల కోసం గుట్టలు ఊడ్చుకుపోవడం ఈ మొక్కకు కరువుకన్నా పెద్ద గండం.

ఇవన్నీ ఎండలో ఎలా బతుకుతున్నాయన్నదానికి తొలినాళ్ల ఆనవాలు ఒకటి కూడా మన దేశంలో దొరికిందే. రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోట తోటను చూసుకున్న బెంజమిన్ హైన్‌, రణపాల ఆకును పూటపూటకీ నమిలి చూశాడు. పొద్దున చుక్కకూరలా పులుపు, మధ్యాహ్నానికి చప్పన, సాయంత్రానికి కాస్త చేదు. ఈ సంగతి 1813లో ఉత్తరంగా రాస్తే 1815లో లండన్‌లో అచ్చయింది. కారణం తర్వాతివారు తేల్చారు. రణపాల, జెముడు లాంటి మొక్కలు పగలు తమ రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచి, తెల్లవారాక తలుపులు మూసుకునే ఆహారం వండుకుంటాయి. నీరు ఆవిరి కాకుండా మిగుల్తుంది. రణపాల దొరికిన ఎవరైనా ఈ పరీక్ష ఒక్క రోజులో చేసుకోవచ్చు. జెముడుతో మాత్రం చేయకూడదు, దాని పాలు విషం.

నిజమైన కాక్టస్ ఒకటి ఇక్కడే పుట్టినట్టు పాతుకుపోయింది: నాగజెముడు. పడగల్లాంటి అట్టలు, పసుపు పూలు, ముదురెరుపు పండ్లు, కంటికి కనిపించని నూగుముళ్లు. అద్దకపు రంగునిచ్చే కోచినీల్ పురుగుల్ని మేపడానికి మద్రాసు సైదాపేటలో జేమ్స్ ఆండర్సన్ 18వ శతాబ్దం చివర్లో నాగజెముడు తోటే వేశాడు. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తా చేరిన పురుగు వేరే జాతిదై, రంగుకు పనికిరాక, ఒక రకం నాగజెముడును మాత్రం తినేసింది. మిగిలిన రకం దక్షిణాదిని ఆక్రమించాక, 1926లో శ్రీలంక నుంచి మరో కోచినీల్ పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్లలో పొలాలు తేరుకున్నాయి. కుండీలో ఒక అట్ట పెంచుకోవచ్చు, గట్టు మీద నాటకూడదు.

పెంపకంలో మొదటి సూత్రం, కొండ మీది మొక్కను వేళ్లతో పెరకకపోవడం. జానెడు కొమ్మ చాలు. పదునైన కత్తితో కణుపు దగ్గర కోయాలి. జెముడైతే కోసినచోట నీళ్లు చల్లితే పాలు ఆగుతాయి. ఆ కొమ్మను నీడలో వారం, లావుదైతే రెండు వారాలు ఆరబెట్టి, కోత మీద పెచ్చు కట్టాకనే నాటాలి. పచ్చి కోతను తడి మట్టిలో పెట్టడమే కొత్తవారు చేసే తప్పు, అక్కడి నుంచే కుళ్లు పైకి ఎక్కుతుంది. మట్టి కుండీ మంచిది, అడుగున చిల్లు తప్పదు. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు గ్రానైట్ పలుకులో ఇటుక ముక్కలో కలిపితే గుట్ట పగులు కుండీలోకి వచ్చినట్టే. పశువుల ఎరువు బాగా చివికినది గుప్పెడు చాలు. ఎక్కువైతే కాడలు మెతకబారి, సాగి, ఒరిగిపోతాయి.

ఎండ విషయంలో అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. బొమ్మజెముడుకు రోజంతా ఎండ కావాలి. కుందేటికొమ్ములు కొండ మీద తుప్ప చాటున పెరిగినవి. మిద్దె మీద నడి వేసవి ఎండలో పెడితే ఎర్రబడి, ముడుచుకుపోతాయి. పక్కన ఇంకో కుండీ నీడ పడేట్టు ఉంచితే పొద్దుటి ఎండ సరిపోతుంది. నీళ్లు మట్టి పూర్తిగా ఆరాక, వేలు రెండు కణుపులు దించి చూసి పోయాలి. వేసవిలో వారం పది రోజులకొకసారి, చలికాలంలో నెలకు ఒకటి రెండుసార్లు. ముంగారి వానలు మొదలయ్యాక కుండీని వానలోనే వదిలేయవచ్చు, అడుగున నీరు నిలవకపోతే. ఆ వానల తర్వాతే కుందేటికొమ్ములు పూస్తాయి. పూతకొచ్చిన కుండీని కిటికీకి దూరంగా పెట్టుకోవడం ఇంటివారికి హాయి.

చీడల్లో పిండినల్లి ముఖ్యం. కాడల పలకల మధ్య దూదిలా పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, సబ్బునీళ్లలో కొంచెం వేపనూనె కలిపి సాయంత్రం పూట చల్లితే పోతుంది. పగటి ఎండలో చల్లితే కాడ మాడుతుంది.

ప్రతి కుండీకి ఒక చీటీ ఉండాలి: ఏ గుట్ట, ఏ నెల, ఏ నీడ, పువ్వు ఏ రంగు. కుందేటికొమ్ముల్లో జాతుల తేడా కాడలో కన్నా పువ్వులో తెలుస్తుంది కనుక పూసేదాకా పేరు పెన్సిల్‌తోనే రాయాలి. సరిచూసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు టి. పుల్లయ్య, ఎన్. యశోదతో కలిసి 1989లో వెలువరించిన అనంతపురం జిల్లా వృక్షజాతుల గ్రంథం ఉంది. కుందేటికొమ్ములను కొమ్మల కన్నా గింజలతో పెంచడం ఓపిక పని, ఫలితమూ ఎక్కువ. కొమ్ముకాయ పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరగగానే చుట్టూ దారం వదులుగా కట్టాలి. లేకపోతే ఒక మధ్యాహ్నం పగిలి, పట్టుకుచ్చులన్నీ గాలికి పోతాయి. కుచ్చు తుంచి, తడి ఇసుక మీద గింజను పరిచి, పైన పలచగా ఇసుక చల్లి నీడలో ఉంచితే కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది. మొలక మొదట రెండు చిన్న ఆకులతో, ఏ తోటకూర మొలకలాగానో ఉంటుంది. వాటి మధ్య నుంచి నాలుగు పలకల కాడ లేచేదాకా దాన్ని కలుపని పీకకుండా చూసుకోవాలి.