పొలిమేర రాయి నేర్పిన పాఠం

కిందటి వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఇంగ్లండులోని డార్బీషైర్ కౌంటీ చూడడానికి వెళ్లాను. డెర్వెంట్ నది ఒడ్డున ఉన్న చాట్స్‌వర్త్ భవనాన్ని, దాని ఉద్యానవనాలను చూసి అందరూ మురిసిపోయారు. వైద్యుడిగా నన్ను కదిలించినది మాత్రం అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో, కొండల నడుమ ఉన్న 'ఈమ్' అనే చిన్న గ్రామం.

1665లో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఈ ఊరికి చేరిందని చెబుతారు. మరుసటి వేసవిలో వ్యాధి విజృంభించినప్పుడు మతగురువు విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పదవి కోల్పోయిన థామస్ స్టాన్లీ ఏకమై, ఊరు విడిచి వెళ్లవద్దని గ్రామస్థులను ఒప్పించారు. చర్చి మూసి, ప్రార్థనలు ఆరుబయట జరిపారు. సుమారు 260 మంది మరణించారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజులలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే ఖననం చేసింది.

ప్లేగు క్రిమిని కనుగొన్నది 1894లో. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే ఆ పల్లెవాసులు ఇరుగు పొరుగు ఊళ్ల మేలు కోరి తమను తాము బంధించుకున్నారు.

పొలాల మధ్య కాలిబాటన నడిచి పొలిమేర రాయి వద్దకు వెళ్లాను. దానిపై చిన్న గుంటలున్నాయి. గ్రామస్థులు వాటిలో వెనిగర్ పోసి నాణేలు వేసేవారట. పొరుగువారు ఆ డబ్బు తీసుకొని ఆహారం ఉంచి వెళ్లేవారు. చాట్స్‌వర్త్ ప్రభువు కూడా ఆహారం పంపాడంటారు.

ఆ రాయి ముందు నాకొక పాత సంఘటన గుర్తుకొచ్చి సిగ్గనిపించింది. కోవిడ్ రోజులలో ఒక తాపీ కూలీని పద్నాలుగు రోజులు ఇల్లు కదలవద్దన్నాను. నాలుగో రోజే అతడు పనికి వెళ్లాడని తెలిసి ఫోనులో కోప్పడ్డాను. "నేను కదలకపోతే పొయ్యి వెలగదు డాక్టరుగారూ" అన్నాడతడు. దానిని నేను సాకుగా భావించాను. అతని ఇంటికి బియ్యం ఎవరు పంపుతారని అడగనే లేదు.

ఈమ్ ప్రజల త్యాగాన్ని అందరూ కీర్తిస్తారు. ఆ త్యాగం నిలవడానికి పొలిమేర అవతల రొట్టె తెచ్చిపెట్టిన చేతులు కూడా కారణమే. కనుక అంటువ్యాధి సోకిన వారిని ఇంట్లో ఉండమని చెప్పేటప్పుడు, వారి గుమ్మం ముందు అన్నం పెట్టేది ఎవరో కూడా మనం ఆలోచించాలి. ఈ మాట నేను వృత్తిలో ఉన్నప్పుడే తెలుసుకోవలసింది.