న్యూయార్కులో చిక్కడపల్లి దంపతులు

దేశాటనమువలన జ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. కాని విమానమెక్కిన వారికందరికిని ఆ ఫలము లభింపదు. ఎత్తైన మేడలను లెక్కించి, ఛాయాచిత్రములు తీసికొని మరలినవాడు ఊరును చూచినవాడు మాత్రమే. ఆ మేడలను ఎవరు కట్టిరి, ఆ వీథులలో ఎవరు నివసించుచున్నారు, వారేమి తినుచున్నారు అని విచారించినవాడు ఊరును గ్రహించినవాడు.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములనుండి ఎందరో వృద్ధులు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న తమ బిడ్డలను చూచుటకు పోవుచుందురు. అట్టి దంపతులు న్యూయార్కు నగరము చేరిరి. భర్తకు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పత్రికలు చదువుట నిత్యకృత్యము. త్యాగరాయ గానసభలో కచేరీ యున్నదన్నచో భార్య ఇంట నిలువదు. కుమారుడు వారిని ఊరు చూపుటకు తోడ్కొనిపోయెను.

మొదట భూగర్భమున నడచు రైలెక్కిరి. చిక్కడపల్లికి మెట్రోరైలు 2020లో వచ్చినది. అది స్తంభములపై పోవును. న్యూయార్కు రైలు 1904 నుండి నేలక్రింద నడచుచున్నది. దానిలో కూలివాడును, న్యాయవాదియు ప్రక్కప్రక్కన కూర్చుండుట చూచి పెద్దాయన సంతోషించెను.

నగరము దక్షిణాగ్రమున దిగి, స్టేటన్ ద్వీపమునకు పోవు పెద్ద పడవ నెక్కిరి. దానికి రుసుము లేదు. కొంతదూరము పోగానే సముద్రమధ్యమున స్వేచ్ఛాదేవి విగ్రహము కనబడెను. అది ఫ్రెంచి ప్రజల కానుక, 1886లో ఆవిష్కరింపబడినది. బార్తోల్డి అను శిల్పి దానిని రూపొందింపగా, లోపలి ఇనుప కట్టడమును ఐఫెల్ నిర్మించెను. పాదములనుండి దివిటీ కొనవరకు ఎత్తు 151 అడుగులు. రాగిరేకులతో చేయబడినను, గాలి తేమలకు పైపూత ఏర్పడి పచ్చనైనది. దానికి సమీపమున ఎల్లిస్ ద్వీపము కలదు. 1892 మొదలు 1954 వరకు సుమారు 1 కోటి 20 లక్షలమంది వలసజనులు ఆ ద్వీపముగుండ అమెరికాలో ప్రవేశించిరి.

"నాయనా! ఆ దివిటీ వెలుగు మనవారికి కూడ దారి చూపినదా?" అని తండ్రి యడిగెను.

"చాలకాలము చూపలేదు, నాన్నగారూ! భారతీయులు ఇచట స్థిరపడుటకు రాకూడదని 1917లో శాసనము చేసిరి. 1946లో ఏటికి 100 మందికి మాత్రము అనుమతి దొరికినది. 1965లో క్రొత్త శాసనము వచ్చినపిమ్మటనే తలుపులు బాగుగా తెరువబడినవి" అని కుమారుడు బదులు చెప్పెను.

పెద్దాయన ఆ విగ్రహమువైపు మరల చూచెను. ఈసారి ఆ చూపులో ఆశ్చర్యముతోపాటు ఆలోచనయు కలదు.

ఒడ్డునకు వచ్చునప్పటికి ఆకలి యైనది. వీథిలో తోపుడుబండిపై "హాట్ డాగ్" అను పేరు చూచి తల్లి తెల్లబోయెను. అది పొడవైన రొట్టెలో మాంసపు ముద్దనుంచి యిచ్చు తినుబండారమనియు, కుక్కకు పేరుతో తప్ప సంబంధము లేదనియు కుమారుడు చెప్పెను. ఆ దంపతులు శాకాహారులు. కావున, త్రాడు ముడివేసినట్లున్న ప్రెట్జెల్ అను ఉప్పురొట్టెను కొనుక్కొనిరి. అది జర్మనులు తెచ్చినది. నడుమ రంధ్రముగల బేగెల్ రొట్టెను తూర్పు ఐరోపా యూదులు, పిజ్జాను ఇటలీవారు తెచ్చిరి. ఇల్లు విడిచినవాడు పెట్టెలో పట్టనివెన్నో వదలుకొనును. నాలుకమీది రుచిని మాత్రము వదలుకొనడు.

పిమ్మట బ్రూక్లిన్ వంతెనపై నడచిరి. వాహనములకు పైన, పాదచారులకు వేరుగా బాట కలదు. ఈ వంతెనను రూపకల్పన చేసిన జాన్ రోబ్లింగ్ పని ఆరంభము కాకమునుపే, 1869లో మరణించెను. కుమారుడు వాషింగ్టన్ ఆ భారము వహించి, నదీగర్భములోని పనిలో వ్యాధిగ్రస్తుడయ్యెను. అప్పుడతని భార్య ఎమిలీ నిర్మాణశాస్త్ర విషయములు నేర్చి, భర్త ఆదేశములను పనివారికందించి, 1883లో పని ముగియువరకు నిలిచెను. ఆ కథ విని తల్లి, వంతెన ఇనుపత్రాటిని చేతితో తాకి చూచెను.

మధ్యాహ్నము 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనమును చూచిరి. అది 1931లో ప్రారంభమైనది. దాని కెదుట తల యెత్తిన పెద్దాయన, అచటికి కొద్దిదూరమునగల ప్రజాగ్రంథాలయము కెదుట తల వంచెను. 1911లో తెరచిన ఆ పాలరాతి భవనము ముంగిట రెండు రాతిసింహములు కూర్చుండియుండును. వాటి పేర్లు ఓర్పు, ధైర్యము. లోపల ధనికుడు, పేద అను భేదము లేక అందరును చదువుకొనుచుండిరి. "మన చిక్కడపల్లిలో ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలకు కావలసినవియు ఈ రెండే!" అని ఆయన యనెను.

మరునాడు క్వీన్స్ ప్రాంతమందలి ఫ్లషింగుకు పోయి, 1977లో ప్రతిష్ఠితమైన గణపతి దేవాలయమును దర్శించిరి. అమెరికాలోని తెలుగువారి మొదటి మహాసభ న్యూయార్కున జరిగినదియు ఆ సంవత్సరమే. ఆలయము క్రిందిభాగమున భోజనశాల కలదు. అచట వేడిదోసె తినుచు తల్లి, "ఏమండీ! ఈ సాంబారు మన నారాయణగూడలో తిన్నట్లే యున్నది" అనెను. "మనకన్న ముందే మన రుచి ఇచటికి వచ్చి మనకై వేచియున్నది" అని ఆయన నవ్వెను. ప్రక్కబల్లవద్ద చీనాదేశస్థుడొకడు దోసెను చట్నీలో ముంచుకొని తినుచుండెను.

బాలబాలికలారా! ఒక నగరము గొప్పదనము దాని మేడల ఎత్తునుబట్టి తెలియదు. పరాయివాడు వచ్చినప్పుడు అది తలుపు తీసినదా, మూసినదా, పేదవానికి నడచుటకు బాటను, చదువుకొనుటకు బల్లను ఇచ్చినదా అని చూడవలెను. స్వేచ్ఛాదేవిని నిలిపిన దేశమే కొందరికి తలుపు మూసినది. ఆ తప్పును దిద్దుకొనినదియు ఆ దేశమే. మీ యూరికిని పొట్టచేత పట్టుకొని పరాయి ప్రాంతములవారు వచ్చుచున్నారు. వారి భాష మీకు వింతగా నుండవచ్చును, వారి వంట క్రొత్తగా నుండవచ్చును. వారితో కూర్చుండి ఒక్కపూట భుజించిచూడుడు. దేశాటనము అచటనే ఆరంభమగును.