గూడుబండి నేర్పిన పాఠము

మా తాతగారు చింతామణి నుండి తిరుపతికి గూడుబండి కట్టించిన రోజులను గూర్చి పెద్దలు చెప్పగా విన్నాము. వారము ముందే ఇంట సందడి మొదలయ్యెడిదట. వరిగడ్డి పరచి జంఖానా వేయుట, ఎద్దులకు ఉలవలు మూటకట్టుట, లాంతరు తుడుచుట, ఇరుసుకు కందెన పెట్టుట ఒక ఎత్తు. బరువు సర్దుట మరొక ఎత్తు. బరువు ముందుకు మొగ్గితే ఎద్దుల మెడలు ఒరసిపోవును. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచును. కావున తాతగారు ప్రతి మూటను తామే సర్ది, చక్రము జారకుండ పట్టియుంచు కడసీలను చేతితో తడవి చూచిన తరువాతనే బండి ఎక్కెడివారట. ఇన్నాళ్లకు ఆ పాఠము మోటారు బండి విషయమున మాకు అక్కరకు వచ్చినది.

మా తల్లిగారు పుట్టినది బాగేపల్లి సీమ పల్లెలో, మెట్టినది చింతామణిలో. 2007లో కోలారు నుండి విడివడి చిక్కబళ్లాపురము జిల్లా ఏర్పడిన తరువాత మేము ఉద్యోగరీత్యా ఆ పట్టణము చేరినాము. బడిలో, కచేరిలో కన్నడము, ఇంట తెలుగు. తరతరములుగా ఇదియే మా బ్రతుకు. ఎనుబదవ ఏట ఆమె ఒక కోరిక బయటపెట్టినారు.

"భద్రాచలం పోవాలబ్బా. రైల్లో రాత్రికి రాత్రి కాదు. మన మాట మాట్లాడే ఊళ్లన్నీ చూసుకుంటా పోవాల."

ఆమెకు మధుమేహము. ఇన్సులిను సూది తప్పదు. గంటల తరబడి కూర్చుండలేరు. అందువలన పడక, మరుగుదొడ్డి, వంటకు చోటు గల బండి కావలసివచ్చినది. ఒక పాత వ్యాను కొన్నాము.

మొదట తెలిసికొన్నది చట్టము. రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు కూడ ఆ మాటనే గట్టిపరచినది. ముందు అనుమతి, తరువాతనే రంపము అని నిశ్చయించుకొని, రవాణా కచేరి చుట్టు తిరిగి, కాగితములు చేతికి వచ్చినపిమ్మట వడ్రంగిని పిలిచినాము.

టైర్లు చూచుటకు నిగనిగలాడుచుండెను. కాని టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. చదివి చూడగా వాటి వయస్సు బయటపడినది. ఎంత నునుపుగా ఉన్నను ముసలి రబ్బరును నమ్మరాదు గదా! అన్నియు మార్పించినాము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున నిలుచును. కనుక సిలిండరు పెట్టె అడుగున బయటికి రంధ్రము తొలిపించినాము.

ఇక బ్యాటరీ. ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉంచవలెను. 12 వోల్టుల 150 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1800 వాట్-గంటల శక్తి ఉండును. సీసపు బ్యాటరీ మన్నవలెనన్న అందులో సగమే వాడవలెను. మిగిలినది 900. 30 వాట్ల ఫ్యాను పది గంటలకు 300, దీపములకు 50, చిన్న ఫ్రిజ్జుకు రోజుకు 480, మొత్తము 830. లెక్క సరిపోయినది. ఆ రాత్రి మాకు కంటినిండ నిద్ర పట్టినది.

కాని బరువు లెక్క మిగిలియే ఉన్నది. తల్లిగారు తమ ఇసుర్రాయిని బండిలో పెట్టించినారు. పుట్టింటివారు పెండ్లినాడు ఇచ్చినది. రెండు రాళ్లు కలిసి 28 కిలోలు. వద్దనుటకు మాకు నోరు రాలేదు.

తొలి నడకగా కైవారమునకు పోయినాము. తెలుగున, కన్నడమున తత్త్వములు పాడిన నారాయణ తాతగారు గాజుల మలారము మోసికొని ఊరూర తిరిగినారని అచటివారు చెప్పుదురు. తన బరువు తాను మోసినవానికి ఏది ఎంతో తెలియును. మాకు తెలియలేదు. తిరిగి వచ్చునప్పుడు చింతామణిలో బండిని వేబ్రిడ్జి ఎక్కించగా, పుస్తకములో వ్రాసిన పరిమితికి 64 కిలోలు ఎక్కువ తేలినది. మేము మంచములు లెక్కించినాము, పెట్టెలు లెక్కించినాము. ఇసుర్రాయి వైపు మాత్రము చూడలేదు.

తల్లిగారే అడిగినారు: "ఆ తొట్టిలో నీళ్లెన్ని?"

"నూరు లీటర్లమ్మా. నూరు కిలోలు."

"సగం చాలదా? దారిలో ఊళ్లు లేవా? అడిగితే చెంబెడు నీళ్లియ్యరా? మన మాట మాట్లాడే ఊళ్లకు నీళ్లు మోసుకోని పోతామా?"

మేము తల వంచుకొన్నాము. సగము నీరు వదలినాము. ఇల్లు చేరగనే ఇసుర్రాయిని ఆమె తామే దింపించి, దానిపై విసరిన రాగిపిండి సంచి ఒక్కటి లోపల పెట్టించినారు. "రాయి ఇంట్లో ఉండనీ. ముద్ద మన వెంట వస్తుంది" అన్నారు. బండి తేలికపడినది.

బయలుదేరు ఉదయము ఆమె గుమ్మమున నిలిచి, "కడసీల చూసినారా?" అన్నారు. పిల్లలు నవ్వినారు. మాకు గుండె ఝల్లుమన్నది. టైర్లు విప్పి బిగించిన తరువాత కొంత దూరము నడిపి, చక్రపు నట్లను మరల బిగించవలెను. కైవారము నుండి వచ్చినపిమ్మట ఆ పని మరచినాము. స్పానరు పట్టి చూడగా వెనుక ఎడమ చక్రమున రెండు నట్లు వదులై ఉండెను. బిగించినాము. తల్లిగారు వంగి, ఆ చక్రమును ఒకసారి చేతితో తడవి, బండి ఎక్కినారు.

44వ నంబరు రహదారిలో బాగేపల్లి దాటునప్పుడు ఆమె కిటికీ ప్రక్కన కూర్చుండి, ఎదురైన ప్రతి ఊరి పేరును పైకి చదువుచుండిరి. బోర్డులపై లిపి మారినది. ఆమె చదువు ఎక్కడను తడబడలేదు.