నల్లబోర్డు రాత్రి

ఈ మధ్య ఎన్నికల ఫలితాలు పొద్దున తిన్న ఇడ్లీ అరక్కముందే వచ్చేస్తున్నాయి. 2024 జూన్ 4న చూశాంగా! ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు విప్పారో లేదో, కాసేపటికే మా వీధిలో టపాసులు. భోజనాల వేళకి కూటమి గెలుపు ఖాయం. 175లో 164 అట. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మాట్లాడుకోడానికి ఏముంది? ఓడినవాడికి ఆశపడే వ్యవధైనా ఇవ్వని ఫలితం ఏం ఫలితమండీ!

ఫలితమంటే రాత్రంతా రావాలి. దానికోసం రోడ్డు మీద నిలబడి కాళ్లు పీక్కుపోవాలి. 1983 జనవరిలో బెజవాడలో ఒక పత్రికాఫీసు ముందు మేం అలాగే నిలబడ్డాం. 1956లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ కాంగ్రెస్ తప్ప మరో పార్టీ ప్రభుత్వం ఎరగని జనం. రామారావుగారు పార్టీ పెట్టి అప్పటికి ఏడాదైనా తిరగలేదు. అన్ని పార్టీలవాళ్లమూ ఒకే గుంపులో, ఒకరి అగ్గిపెట్టెతో ఒకరు బీడీలు ముట్టించుకుంటూ ఉన్నాం. కౌంటింగ్ హాల్లో బావమరిది ఏజెంటుగా ఉన్నాడని చెప్పుకునే పెద్దమనుషులు గజానికొకరు. ఆ బావమరుదులందరూ చెప్పినట్టే జరిగితే అన్ని పార్టీలూ గెలవాలి.

ఆఫీసు గోడకి నల్లబోర్డు, దాని కింద స్టూలు. ఒకాయన చీటీతో బయటికొచ్చి స్టూలెక్కగానే రోడ్డంతా నిశ్శబ్దం. ఆయనకి తొందరన్నది తెలీదు. ‘గు’ అని రాసి, చాక్‌పీసు విరిగితే జేబులో ఇంకోటి వెతుక్కునేవాడు. ఈలోగా కింద మేం తన్నుకు చచ్చేవాళ్లం. గుడివాడా? గురజాలా? పక్కన సున్నా పెడితే గుంటూరు! ‘డి’ పడింది. సైకిల్ వాళ్ల ఈలలు మొదలయ్యాయి, అక్కడ నిలబడింది రామారావుగారే కదా. ఇక మెజారిటీ. నాలుగంకెలు వేసి చెయ్యి దించితే ఓడినవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఆయన మళ్లీ చెయ్యెత్తి అయిదోది వేసేవాడు. ఇప్పటి టీవీల్లో అంకెలు క్షణానికోసారి గంతులేస్తాయి. వాటిలో ఒక్కటైనా అలా గుండెల్లో దిగబడిందా?

సంక్రాంతి ముందు చలి. నా పక్కన ఖద్దరు చొక్కా ఆయనొకడు. “ఏమండీ, మీకు చలి లేనట్టుంది. ఆ మఫ్లరు ఓ ఐదు నిమిషాలు ఇలా ఇస్తారా?” అన్నాడు. ఇచ్చాను. మా అక్కయ్య అల్లిన ఆకుపచ్చ ఉన్ని మఫ్లరది. ఒక అంచున అల్లిక జారి చిన్న కన్నం ఉండేది.

మొదట చెవులకి చుట్టుకున్నాడు. ఫలితాలు వస్తున్నకొద్దీ మఫ్లరు గడ్డం మీదికి పాకింది. అర్ధరాత్రి దాటి మంత్రులు ఒక్కొక్కరే పడిపోతుంటే మూతి మాయమైంది, తర్వాత ముక్కు. చివరికి ఆకుపచ్చ ఉన్నిలోంచి రెండు కళ్లు మాత్రం బోర్డు వంక చూస్తున్నాయి. అంత దుఃఖంలో ఉన్న మనిషిని మఫ్లరెలా అడుగుతాం? తెల్లారేసరికి 294లో సగానికి ఎంతో పైకి వెళ్లిపోయింది తెలుగుదేశం. టీ తాగి వెనక్కి తిరిగితే ఆయనా లేడు, మఫ్లరూ లేదు.

జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం. మర్నాడు పత్రికలో ఆ జనసముద్రం ఫోటో చూసి అందరూ చరిత్ర అన్నారు. నేను మాత్రం మెడలు వెతికాను. అక్కయ్య బతికున్నన్నాళ్లూ ఏ చలికాలం వచ్చినా అదే ప్రశ్న: “మఫ్లరేదిరా?” ప్రభుత్వం మారిన రాత్రి పోయిందంటే నమ్మేది కాదు.

అయ్యా ఖద్దరు చొక్కాగారూ, ఇది మీ కంటబడితే ఒక్క మనవి. 1989లో మీ పార్టీ మళ్లీ గెలిచింది కదా. ఇకనైనా ఆ మఫ్లరు తిరిగి ఇచ్చెయ్యండి.