నాన్నగారి కారుకు కొత్త చక్రాలు

మీ వీధిలో ఎక్కడో ఒక ఇంటి ముందు పాత మారుతీ 800 కారు ఒకటి నిలబడే ఉంటుంది. ఈ కారు మొదటిసారి 1983 డిసెంబరులో గుర్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. ఆ ముప్ఫై ఏళ్ళలో పాతిక లక్షలకు పైగా కార్లు తయారైనాయి. అందులో ఒకటి మాది. నాన్నగారు 1994లో కొన్నారు. ఇప్పుడు దానిని నడిపేది నేను. నాన్నగారు పక్కన కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా ఒకసారి నా చేతివంక చూస్తారు. ఏమీ అనరు.

ఈ కారు చక్రాలు బొత్తిగా చిన్నవి. ఈనాటి కార్ల పక్కన నిలబెడితే బొమ్మకారులాగా ఉంటుంది. అందుచేత దానికి అలాయ్ చక్రాలు వేయించాలని నాకు బుద్ధి పుట్టింది. అలాయ్ అంటే మిశ్రమలోహం. అల్యూమినియంలో నూటికి ఏడుపాళ్ళు సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిపి ఇట్లాంటి చక్రాలు పోతపోస్తారు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే గనక కారు తేలికవుతుందని కూడా నేను ఆశపడ్డాను.

చక్రాల సంగతి తెలియాలంటే టైరుమీది అంకెలు చదవటం రావాలి. మీరు కూడా ఒకసారి ఏదైనా కారు దగ్గరికి వెళ్ళి చూడండి. మా కారు టైరుమీద 145/70 ఆర్ 12 అని ఉన్నది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులు. ‘ఆర్’ అన్నది టైరు లోపలి దారాల అల్లికను చెపుతుంది. 12 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే పేరులో మూడు రకాల కొలతలు! ఇట్లా ఎవరు పెట్టారో గాని, లెక్క మాత్రం సులభమే. గోడ ఎత్తు 101న్నర మిల్లీమీటర్లు. అది పైనా కిందా రెండుసార్లు వస్తుంది. రిమ్ము 304.8. అంతా కలిపితే 507.8 మిల్లీమీటర్లు. అదీ మా చక్రం ఎత్తు.

ఈ లెక్క నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఈ కథే లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వెళ్ళాను. మా కారు చక్రానికి నాలుగు బోల్టులు, 114.3 మిల్లీమీటర్ల వ్యాసంగల వృత్తంమీద ఉంటాయి. ఆ కొలత సరిపోయే 13 అంగుళాల అలాయ్‌లు దొరికాయి. వాటికి 155/70 ఆర్ 13 టైర్లు ఎక్కించారు. పక్కన పాత ఇనుము కొట్టులో కాటా ఉంటే, సరదాకు పాత చక్రం, కొత్త చక్రం తూచాను. కొత్తదే కిలోకు పైగా ఎక్కువ తూగింది! లోహం తేలికదే, కాని ఇనుప రేకంత పలచగా పోస్తే అది గతుకులకు పగిలిపోతుంది. అందుచేత దళసరిగా పోస్తారు. పైగా రిమ్మూ పెద్దది, టైరూ పెద్దది.

పాత చక్రాలను అక్కడే అమ్మేసి వద్దామనుకున్నాను. నాన్నగారు, ‘‘డిక్కీలో పెట్టు,’’ అన్నారు. ఆ రోజు ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

ఇంటికి వస్తూ ఉంటే అరవై దాటగానే స్టీరింగు చేతిలో వణకసాగింది. కొత్త చక్రం నడిమి రంధ్రం మా కారు హబ్బుకన్నా పెద్దది కావటంచేత చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోలేదట. మర్నాడు మేస్త్రీ ఆ సందులో ఒక రింగు తొడిగి, నట్లు ఎదురెదురుగా ఒకదాని తరవాత ఒకటి బిగించాడు. వణుకు పోయింది. ‘‘వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించాలి, మరిచిపోకండి,’’ అన్నాడు.

తరవాతి ఆదివారం మామిడిపళ్ళకోసం అందరం నూజివీడు బయలుదేరాం. నాన్నగారు, మా అక్క, బావ, వాళ్ళ అమ్మాయి. ఆ పిల్లకు ఊరికే కూర్చోవటం చేతకాదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతూ, కారులో మీటరుకేసి తొంగిచూస్తూ ఉన్నది.

‘‘మామయ్యా, నీ కారు అబద్ధం చెపుతోంది,’’ అన్నది ఉన్నట్టుండి.

‘‘ఏం?’’

‘‘ఇరవై రాళ్ళు దాటాం. మీటరు పద్దెనిమిదిన్నరే తిరిగింది.’’

రాయి ఏదో రెండుసార్లు లెక్కపెట్టి ఉంటావన్నాను. తప్పు నాదే. ఈ కారులో మీటరుకు రోడ్డు కనిపించదు. అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి, ఒక్కో చుట్టుకు సుమారు 1.6 మీటర్లు అని లెక్కకట్టుకుంటుంది. కొత్త చక్రం ఎత్తు 547 మిల్లీమీటర్లు. అది ఒక చుట్టుకు 1.72 మీటర్లు పోతుంది. ఆ సంగతి మీటరుకు ఎవరు చెప్పారు? అది అరవై అని చూపుతుంటే, నిజానికి నేను దాదాపు 65 వేగంతో పోతున్నాను, వెనక సీటులో పసిపిల్లను పెట్టుకుని.

తిరిగి వచ్చేటప్పుడు డిక్కీలో రెండు పెద్ద బుట్టల పళ్ళు వేశాం. హనుమాన్ జంక్షన్ చేరకముందే గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి ‘జర్రు’మని చప్పుడు. పళ్ళ బుట్ట జరుగుతున్నదనుకున్నాను. మరి కాసేపటికి రబ్బరు కాలిన వాసన వచ్చింది. నాన్నగారు, ‘‘ఆపు,’’ అన్నారు.

దిగి చూస్తే, వెనక చక్రం మడ్గార్డు అంచుకు ఒరుసుకుని టైరు భుజం కత్తితో చెక్కినట్టు లేచిపోయింది. చక్రం ఎత్తు నాలుగు సెంటీమీటర్లు పెరిగింది గనక, పైన ఉండవలసిన ఖాళీ రెండు సెంటీమీటర్లు తగ్గింది. దానికి తోడు కొత్త రిమ్ము చక్రాన్ని కాస్త బయటికి నెట్టింది. ఒక్కణ్ణే తిరిగినన్నాళ్ళూ అది తెలియలేదు. అయిదుగురు, రెండు బుట్టలు ఎక్కేసరికి కారు కిందికి దిగింది. ఇంకో పాతిక కిలోమీటర్లు అట్లాగే వచ్చి ఉంటే టైరు పేలి ఉండేదేమో. నా కాళ్ళు వణికాయి. అక్క పిల్లను ఎత్తుకుని రోడ్డుకు దూరంగా వెళ్ళి నిలబడింది.

అక్కా, పిల్లా, పళ్ళ బుట్టలూ బస్సులో వచ్చారు. మేము ముప్ఫై వేగంతో ఇల్లు చేరాం.

ఈసారి ఆటోనగర్‌కు కాగితం, పెన్సిలు తీసుకుని వెళ్ళాను. మేనకోడలు కూడా వచ్చి, తనే లెక్కకట్టింది. అవే రిమ్ములకు 155/65 ఆర్ 13 టైర్లయితే ఎత్తు సుమారు 532. పాతదానికన్నా రెండున్నర సెంటీమీటర్ల లోపే ఎక్కువ. అవి వేయించి, వెనక సీటులో నలుగురిని కూర్చోబెట్టి, చక్రానికీ అంచుకూ మధ్య వేళ్ళు దూరుతున్నాయో లేదో చూశాం. దూరాయి. ఇప్పుడు ఇరవై రాళ్ళకు మీటరు పంతొమ్మిది దాటుతుంది. ఆ కాస్త తేడాను గుర్తుంచుకుని, మీటరుమీద కొంచెం తగ్గించే నడుపుతాను.

స్టెపినీ మాత్రం పాత పన్నెండంగుళాలదే. అది ఎత్తు తక్కువ గనక, పంక్చరు షాపుదాకా మెల్లిగా వెళ్ళటానికే పనికివస్తుంది. మొన్న గన్నవరం దగ్గర పంక్చరు పడితే అదే తీశాను. తీరా బిగించబోతే కొత్త నట్లు దానికి పనికిరాలేదు. వాటి చివర మూసి ఉంటుంది. పలచని ఇనుప రిమ్ముమీద బోల్టు చివరికి తగిలి ఆగిపోతాయి గాని చక్రాన్ని పట్టవు. చీకటి పడుతున్నది. నేను తెల్లమొహం వేశాను.

నాన్నగారు సీటు కింద చెయ్యి పెట్టి, ముడివేసిన గుడ్డసంచీ ఒకటి తీశారు. అందులో పాత నట్లు పదహారూ ఉన్నాయి, నూనె రాసి.