గంటా పావు దూరం

హైదరాబాదు నుంచి వైజాగ్ విమానంలో ఎంత దూరం అని నెట్‌లో కొట్టి చూడండి. ఓ 510 కిలోమీటర్లు, గంటా పావు అని వస్తుంది. లెక్కలో తప్పేం లేదు. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లని హావర్సైన్ ఫార్ములాలో వేస్తే మనలో ఎవరైనా పది లైన్ల కోడుతో ఆ అంకె రాబట్టొచ్చు. నా గొడవల్లా దానికి "రెండు ఊళ్ళ మధ్య దూరం" అని పేరు పెట్టడంతోనే.

మాది పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ సైన్యంతో పోరాడి ప్రాణాలొదిలిన చోటు. అమ్మా నాన్నా అక్కడే ఉంటారు. నాన్నకి డెబ్భై దాటాయి, ఓసారి గుండెకి స్టెంటు కూడా వేశారు. కాబట్టి నాక్కావలసిన అంకె ఒక్కటే. అమ్మ ఫోన్ చేసి "ఎప్పటికి రాగలవురా?" అంటే ఏం చెప్పాలి?

కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి గంటా పావు. అక్కడ గంటన్నర ముందుండాలి. విమానం గంటా పావు. దిగి బయటపడేసరికి ఇరవై నిమిషాలు. నౌకాదళం వాళ్ళ డేగా ఎయిర్‌పోర్టులో దిగితే ఎన్.ఏ.డి. జంక్షన్, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం దాటుకుంటూ టాక్సీలో ఇంకో గంటన్నర. మొత్తం ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. అందులో గాల్లో ఉండేది ఐదో వంతు. మన భాషలో చెప్పాలంటే అసలు ఫంక్షన్ చకచకా అయిపోతోంది, ఓవర్‌హెడ్డే తినేస్తోంది :) ఇక అర్ధరాత్రి ఫోనొస్తే మర్నాటి మొదటి ఫ్లైట్ దాకా ఆగాల్సిందే. ఆ ఎదురుచూపు ఏ సైటు లెక్కలోనూ ఉండదు.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారినప్పుడూ ఇంతే. వైజాగ్ దూరం కాగితం మీద పెరిగింది అయిదారు కిలోమీటర్లు. కూకట్‌పల్లి, మియాపూర్ జనానికి మాత్రం ఎయిర్‌పోర్టుకెళ్ళడమే ఓ ప్రయాణం అయి కూర్చుంది.

ఇప్పుడదే కథ భోగాపురంతో. 2023 మేలో శంకుస్థాపన చేసిన అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టు అది. అక్కడ దిగితే హైదరాబాదు నుంచి దూరం ఓ ముప్పై కిలోమీటర్లు ఎక్కువ. విమానానికది రెండు మూడు నిమిషాల పని. నాకేమో టాక్సీ ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది, తగరపువలస మీదుగా ఇట్టే ఇంటికి చేరిపోవచ్చు. నాన్న విషయంలో ఆ ముప్పావుగంట నాకు చిన్నది కాదు.

స్టీలు ప్లాంటు పక్కన గాజువాకలో మా పిన్ని ఉంటుంది. డేగా వాళ్ళకి ఆటో దూరం. భోగాపురమంటే ఊరంతా దాటి, పైన ఇంకో ముప్పై నలభై కిలోమీటర్లు. బాబాయికీ వయసు మీద పడుతోంది, వాళ్ళబ్బాయి కూడా హైదరాబాదులోనే.

"మీకు దగ్గరైంది బాగానే ఉంది గానీ, మా సంగతేట్రా?" అంటుంది పిన్ని.